పాత టోపో పటాల్లో తీరగ్రామం చరిత్ర: దివిసీమ నుంచి వచ్చిన ప్రశ్నకు నా సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. దివిసీమలో సముద్రపు ఒడ్డున మీ తాతగారి పాలెం ఉంది. అసలు ఊరు ఇప్పుడు నీళ్లలో ఉందని ఇంట్లో పెద్దలు చెప్పేవారు. మైలుకు అంగుళం లెక్కన గీసిన పాత సర్వే పటం స్కాన్ ఒకటి మీకు దొరికింది. దాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూస్తే తీరమంతా పక్కకు జరిగినట్టు కనిపించింది. ఇదంతా సముద్రం కోతేనా, ఈ పటంతో ఊరి చరిత్ర ఎంతవరకు తేలుతుంది అని అడిగారు.

సర్వే పనిలో పాతికేళ్లకు పైగా ఉన్నాను. అందులో ఎక్కువ కాలం కృష్ణా, గోదావరి డెల్టాల్లోనే గడిచింది. మీ పటంలో మీ ఊరి చరిత్ర తప్పకుండా ఉంది. అయితే మీరు తీరరేఖ నుంచి మొదలుపెట్టారు, అక్కడే ఇబ్బంది వచ్చింది. టోపో పటంలో, అంటే ఊళ్లు, ఏర్లు, బాటలు, ఎత్తుపల్లాలు చూపే సర్వే పటంలో, అన్నింటికంటే జాగ్రత్తగా నమ్మవలసిన గీత తీరరేఖే. బావుల గుర్తులు, గుడిసెల గుర్తులు, పేర్లు దానికంటే ఎక్కువ చెబుతాయి. ముందు తీరరేఖ సంగతి చూసి తర్వాత వాటి దగ్గరికి వద్దాం.

పాత పటాన్ని నేటి చిత్రం మీద అలాగే పరిస్తే ఊళ్లు, కాలువలు, గుళ్లు అన్నీ కలిసి ఒకే దిక్కుకు జరిగినట్టు కనిపిస్తాయి. సముద్రం గుడిని పక్కకు జరపదు కదా! మన పాత పటాలను ఎవరెస్ట్ గోళాభం అనే, భూమి ఆకారాన్ని లెక్కకు తెచ్చే పాత నమూనా ఆధారంగా లెక్కకట్టారు. నేటి ఫోన్లు, ఉపగ్రహ చిత్రాలు వాడే లెక్క డబ్ల్యూజీఎస్ 84. ఈ రెండింటి మధ్య తేడా వల్ల మన తీరంలో ఇంచుమించు రెండు వందల మీటర్ల జరుగు వస్తుంది. ఇంకా వెనక్కి, 19వ శతాబ్దపు అట్లాస్ షీట్లకు వెళితే తేడా చాలా పెద్దది. అప్పట్లో మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశాన్ని 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకన్లుగా తీసుకుని మిగతా రేఖాంశాలన్నీ దాని నుంచి లెక్కించారు. ఆ విలువలో దాదాపు రెండున్నర నిమిషాల తప్పు ఉందని తర్వాత తేలింది. మన అక్షాంశాల దగ్గర అది నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. ఈ సవరణ చేయకుండా పటం పరిచి, నాలుగు కిలోమీటర్ల భూమి సముద్రంలో కలిసిందని వ్యాసాలు రాసినవారిని చూశాను. మీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాను.

కాబట్టి పటాన్ని కంప్యూటర్‌లో సరిగా కూర్చోబెట్టాలి. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. పటంలోనూ నేలమీదా కదలకుండా ఉన్న బిందువులు కనీసం ఏడెనిమిది ఎంచుకోండి. మీ ప్రాంతంలో హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి, అవనిగడ్డ లక్ష్మీనారాయణస్వామి గుడి ఉన్నాయి. కాలువ లాకులు, పాత రోడ్ల కూడళ్లు కూడా పనికొస్తాయి. నది గట్టును, ఏటి మలుపును, తీరపు మూలను ఎప్పుడూ బిందువుగా పెట్టకండి. కదిలిందా లేదా అని మీరు పరీక్షించాలనుకునేది వాటినే. బిందువులన్నీ ఒకే పక్క పోగుపడకుండా చూడండి. తీరం వైపు పాత కట్టడాలు తక్కువ కాబట్టి అటు పక్క ఒక్క గుడి దొరికినా అది అపురూపమే.

ఇక షీట్లు. మీ దగ్గర ఒక్క షీటే ఉందని రాశారు. దివిసీమకు అది సరిపోదు. సర్వే ఆఫ్ ఇండియా పద్ధతిలో నాలుగేసి డిగ్రీల గళ్లకు అంకెలు వేశారు. ఆ గడిని డిగ్రీకొకటి చొప్పున ఏ నుంచి పి వరకు పదహారు ముక్కలు, ఒక్కో ముక్కను మళ్లీ 1 నుంచి 16 వరకు పావు డిగ్రీ షీట్లు చేశారు. మచిలీపట్నం 65 హెచ్ లో, కాకినాడ 65 ఎల్ లో, విశాఖపట్నం 65 ఓ లో పడతాయి. దివిసీమ దగ్గరే 16 డిగ్రీల అక్షాంశం, 81 డిగ్రీల రేఖాంశం ఒకదాన్నొకటి కోసుకుంటాయి. అందువల్ల 65 డి/16, 65 హెచ్/4, 66 ఎ/13, 66 ఇ/1 అనే నాలుగు షీట్లు సరిగ్గా మీ సీమలోనే మూలలు కలుపుకుంటాయి. నాలుగూ సంపాదించండి. అవి వేరువేరు సంవత్సరాల్లో సర్వే అయి ఉండవచ్చు. షీటు అంచు దగ్గర ఏరు ఉన్నట్టుండి తెగినట్టు కనిపిస్తే అది ఏటి మార్పా, సర్వే సంవత్సరాల తేడానా అని ముందు చూసుకోండి.

ఆ సంవత్సరం షీటు అంచున ఉంటుంది. స్కాన్ చేసేవాళ్లు చాలామంది అంచులు కత్తిరించి పటాన్ని మాత్రమే పెడతారు. అలాంటి స్కాన్ తో చరిత్ర పని చేయలేం. అంచు మీద ఎప్పుడు సర్వే చేశారు, ఎప్పుడు ముద్రించారు, తర్వాత ఏమేమి చేర్చారు అన్నది విడివిడిగా రాసి ఉంటుంది. సర్వేకూ ముద్రణకూ మధ్య ఏళ్లు గడిచేవి. పునర్ముద్రణలో కొత్త రోడ్డునో రైలుమార్గాన్నో మాత్రం చేర్చి తీరాన్నీ ఊళ్లనూ పాతవిగానే వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేలమంది పోయారని చెబుతారు. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు, మీ సీమలో ఎవరికీ చెప్పనక్కరలేని తేదీ. మీ చేతిలోని గీత ఏ ఉప్పెనకు ముందుది, ఏ ఉప్పెనకు తర్వాతది అన్నది తేలకపోతే మిగతా ఏదీ తేలదు. ముద్రణ సంవత్సరం చూసి సర్వే సంవత్సరం అనుకోవడం ఈ పనిలో అందరూ మొదట చేసే పొరపాటు.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా తీరరేఖ తేడా మిగిలితే అప్పుడు సముద్రం గురించి మాట్లాడవచ్చు. అయినా రెండు హద్దులు గుర్తుంచుకోండి. మైలుకు అంగుళం పటం మీద ఒక మిల్లీమీటరు నేలమీద 63 మీటర్లు. గీత మందమే ముప్పై మీటర్లు తినేస్తుంది. రెండోది ఆటుపోటు. మన తీరంలో పోటుకూ ఆటుకూ మధ్య మీటరు, మీటరున్నర తేడా ఉంటుంది. చదునైన బురద ఒడ్డున ఆ మీటరున్నరకే నీటి అంచు వంద మీటర్లకు పైగా ముందుకూ వెనక్కూ పోతుంది. టోపో పటంలో గీసేది పోటు నీటి అంచు. ఉపగ్రహ చిత్రంలో కనిపించేది దాన్ని తీసిన వేళ ఉన్న నీటి అంచు. కాబట్టి మీ దగ్గర వంద మీటర్ల తేడా కనిపిస్తే మాట్లాడకుండా ఉండటం మంచిది. అర కిలోమీటరు కనిపిస్తే అది నిజమైన మార్పే.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం.

మైలుకు అంగుళం షీట్లలో కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, యాభై అడుగులకు ఒకటి. దివిసీమ మొత్తం మీద యాభై అడుగుల ఎత్తు నేల లేదు. అంటే ఎక్కడో కొండ ప్రాంతాల పటాల్లో చరిత్రకారులు ఆధారపడే గీతలే మనకు లేవు. ఆ షీట్లు చూసి ఇందులో ఏమీ లేదని పక్కన పెట్టేసేవారు చాలామంది. కానీ తీరంలో బతుకంతా నాలుగైదు అడుగుల తేడా మీదే నడుస్తుంది. ఆ తేడాను పటం మరో విధంగా చెబుతుంది. ఊళ్ల గుర్తులు వరుసగా ఒకే గీత మీద పడి ఉన్నాయేమో చూడండి. తాటిచెట్ల గుర్తులు, చుక్కలతో చూపిన ఇసుక అదే వరుసలో ఉంటాయి. అవి పాత ఇసుక మెరకలు. ఒకప్పటి తీరరేఖలు అవే. సముద్రం వెనక్కి జరుగుతూ వదిలిపెట్టిన ఆ మెరకల మీదే ఊళ్లు వెలిశాయి, బాటలు పడ్డాయి. మెరకకూ మెరకకూ నడుమ ఉన్న పల్లం పర్ర. మీ నాలుగు షీట్లూ అతికించి, ఊళ్ల మీదుగా పెన్సిల్ తో మెల్లగా గీత గీసుకుంటూ వెళ్లండి. రెండో మూడో విల్లు ఆకారపు వరుసలు వాటంతటవే బయటపడతాయి. ఇప్పుడు సముద్రానికి ఇరవై కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న ఘంటసాలను ప్రాచీన గ్రీకు భూగోళ రచయిత టాలెమీ తీరపు వర్తక స్థలంగా ఎందుకు రాశాడో ఆ గీతలు చూశాక మనసుకు తడుతుంది.

తర్వాత గుర్తుల పట్టిక. షీటు కింద ఉన్న దాన్ని ఒకసారి మొత్తం చదవండి. నివాసమున్న ఊరికీ, పాడుబడిన ఊరికీ వేరు గుర్తులు ఉన్నాయి. శాశ్వతమైన గుడిసెలకూ, తాత్కాలిక గుడిసెలకూ వేరు గుర్తులు ఉన్నాయి. కట్టుబావికీ, ఒర లేని బావికీ వేరు. గుడి, చర్చి, మసీదు, సమాధులు, దీపస్తంభం, ఓడలు లంగరు వేసే చోటు అన్నీ వేరు వేరు. చాలా చిన్న గుర్తులు, స్కాన్ పెద్దది చేసుకుని చూడాలి. కొండ ప్రాంతంలో తాత్కాలిక గుడిసె అంటే పశువుల కాపరి గుడిసె కావచ్చు. తీరంలో అది వేట కాలంలో జాలర్లు దిగే చోటు. సర్వే బృందాలు వానలు తగ్గాక, చలికాలం నుంచి ఎండాకాలం లోపు తిరిగేవి. ఆ కాలంలో ఒడ్డున ఎవరు ఉన్నారో వాళ్లే పటంలోకి ఎక్కారు.

ఈ గుర్తుల గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. రెవెన్యూ రికార్డు భూమి కోసం పుట్టింది. పట్టా ఉన్నవాడి పేరు, సర్వే నంబరు, శిస్తు అందులో ఉంటాయి. ఒడ్డున గుడిసె వేసుకుని సముద్రం మీద బతికేవాడికి పట్టా లేదు, కాబట్టి అందులో అతని ఊరికి పేరు లేదు. ఆ నేల ఏదో ఒక పెద్ద రెవెన్యూ గ్రామం కింద పోరంబోకుగా పడి ఉంటుంది. సైన్యానికీ పరిపాలనకూ దారి చూపడం కోసం గీసిన టోపో పటంలో మాత్రం, మనుషులు ఉన్న చోటు కాబట్టి, ఆ పాలెం నాలుగు చుక్కలుగా నిలిచింది. కొన్ని పాలేలకు కాగితం మీద మిగిలిన అతి పాత సాక్ష్యం ఆ నాలుగు చుక్కలే. నేను ఈ పటాలను ఇంత ప్రేమగా చూడటానికి కారణం అదే.

పేర్లు మరో గని. పటం మీద లంక, తిప్ప, దిబ్బ, మొగ, పర్ర, పాయ, దొరువు అని ముగిసే పేర్లన్నీ ఒక కాగితం మీద ఎక్కించండి. లంక నది నడుమ నేల. తిప్ప నీళ్ల మధ్య లేచిన ఇసుక. మొగ నీరు సముద్రంలో కలిసే నోరు. దొరువు ఇసుకలో తవ్వుకున్న మంచినీటి గుంట. ఇప్పుడు నాలుగు పక్కలా నేలే ఉన్న చోటికి తిప్ప అనే పేరుంటే, ఒకప్పుడు దాని చుట్టూ నీళ్లుండేవేమో వెతకాలి. మొగ అనే పేరున్న చోట ఏరు లేకపోతే ఆ ఏరు ఎటు తిరిగిందో చూడాలి. మీ దగ్గర పాలకాయతిప్ప ఉంది, గుల్లలమోద ఉంది. కృష్ణ పాయల్లో గొల్లమత్త పాయ, నడిమేరు ఉన్నాయి. పేరు ముందు కొత్త అనే మాట చేరిన పాలెం కనిపిస్తే పాతది ఎక్కడ ఉందో పక్క షీటులోనైనా దొరుకుతుందేమో చూడండి. అయితే పేరు విని సొంతంగా కథ అల్లకండి. పేరుకు అర్థం ఊరివాళ్లు చెప్పాలి, పటం దానికి తోడు నిలవాలి. రెండూ కలిసినప్పుడే రాయండి.

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేర్లతో కొంత ఓపిక పట్టాలి. మసులిపటం, కోకనాడ, బిమ్లీపటం లాంటివి పోల్చుకోవడం తేలిక. నిజాంపట్నం మాత్రం 17వ శతాబ్దపు ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో పెట్టపోలీ. పెద్దపల్లి అన్న తెలుగు పేరుకు అది విదేశీ చెవి విన్న రూపం. గట్టిగా పైకి చదివితే కొన్ని పేర్లు దొరుకుతాయి. కళ్లకు అందనిది చెవికి అందుతుంది.

పటం ఒక్కటే చాలదు, దానికి తోడు ఏమున్నాయో కూడా చెబుతాను. అమెరికా సైన్యం 1950ల్లో అచ్చు వేసిన యు502 అనే వరుస ఉంది. మన సర్వే పటాల ఆధారంగానే గీసినవి, రెండున్నర లక్షలకు ఒకటి స్కేలు. టెక్సాస్ విశ్వవిద్యాలయం వాటిని ఉచితంగా అందుబాటులో పెట్టింది. పాలెం వివరం అందులో తక్కువే కానీ ఏర్ల రూపం చక్కగా కనిపిస్తుంది. 1960ల్లో అమెరికా తీసిన కరోనా అనే నిఘా ఉపగ్రహాల చిత్రాల మీద రహస్య ముద్రను 1995లో తీసేశారు. అవి 1977 ఉప్పెనకు ముందు మీ ఒడ్డు అసలు ఫొటోలు, తప్పకుండా చూడండి. 1972 నుంచి ల్యాండ్‌శాట్ అనే ఉపగ్రహాల చిత్రాలు ఉన్నాయి. నేటి యాభై వేలకు ఒకటి పటాలను సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటు నుంచే దించుకోవచ్చు. తీరం వెంబడి పటాలు సామాన్యులకు అందని కాలం నుంచి వచ్చినవాణ్ని, ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

నేలకు దగ్గరగా వెళ్లాలంటే గ్రామపటం చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ సర్వేలో మైలుకు పదహారు అంగుళాల స్కేలు వాడారు. టోపో షీటు మీద గింజంత ఊరు అందులో అరచేయంత అవుతుంది. దానితోపాటు ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (సర్వే నంబర్ల వారీగా భూమి, శిస్తు రాసిన పుస్తకం) అడగండి. తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లో ఉండే పాతదాన్ని డైగ్లాట్ అంటారు. తహసీల్దారు కార్యాలయంలో ఆ పేరుతోనే అడిగితే పని త్వరగా అవుతుంది. అందులో శ్మశానం, చెరువు, బాట, ఉప్పు కొటారు పోరంబోకులుగా విడివిడిగా నమోదై ఉంటాయి. సముద్రంలో కలిసిన సర్వే నంబర్లు కూడా కాగితం మీద అలాగే ఉండిపోయిన చోట్లు ఉన్నాయి. మీ పాత ఊరు ఎంతవరకు ఉండేదో చెప్పడానికి అంతకంటే బలమైన ఆధారం దొరకదు. ఇంకా వెనక్కి వెళ్లాలనుకుంటే, భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ కోలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి తోటివారు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. మీ ఊరిది లేకపోయినా పక్క పెద్ద ఊరిది ఉండవచ్చు.

చివరిగా ఊళ్లో చేయవలసిన పని. దీని గురించి ఒక అనుభవం చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక పాలెంలో పాత షీటు ప్రింటు తీసుకుని పెద్దల దగ్గర కూర్చున్నాను. సరుగుడు తోట నీడలో పటం పరిచి, ఇదిగో మీ ఊరు అని చూపిస్తే ఎవరికీ అర్థం కాలేదు. ఒక తాత లేచి పటాన్ని గుండ్రంగా తిప్పాడు. సముద్రం ఉన్న వైపు పటంలోని సముద్రం వచ్చేలా పెట్టాడు. అప్పటివరకు నేను ఉత్తరం పైకి ఉండేలా పట్టుకుని కూర్చున్నాను. తిప్పిన నిమిషంలో మాటలు మొదలయ్యాయి. మగవాళ్లు ఏరు ఎక్కడ తిరిగేదో, పడవలు ఎక్కడ లాగేవారో చెప్పారు. పాత ఊరు ఎక్కడన్నది మాత్రం తలా ఒక చోటు చూపించారు.

కాస్త దూరంలో వలకు ముడులు వేస్తున్న ఒక అవ్వ ఇదంతా వింటోంది. మంచినీళ్ల బావి గుర్తు ఉందా ఇందులో అని అడిగింది. ఒర లేని బావి గుర్తు ఇసుక చుక్కల మధ్య ఒకటి ఉంది, చూపించాను. చిన్నప్పుడు అమ్మతో కలిసి ఆ దొరువుకు వెళ్లేదాన్నని, తెల్లవారి బయలుదేరితే దారిలో రెండు తాడిచెట్లు, తర్వాత అమ్మవారి రాయి, ఆ తర్వాత దొరువు అని వరుసగా చెప్పింది. బిందె నెత్తిన పెట్టుకుని వెనక్కి వచ్చేటప్పుడు ఎన్నిసార్లు దించుకునేవారో కూడా చెప్పింది. రెండుసార్లు. ఆ దూరం పటం మీద కొలిచి దొరువు నుంచి సముద్రం వైపు నడిపిస్తే, నాలుగు చుక్కల దగ్గరికి వచ్చి ఆగింది. అప్పటికి ఆ చోటు పోటు నీళ్లలో ఉంది.

అందుకే బావుల గురించి ఆడవాళ్లను అడగమని, ఏర్ల గురించి మగవాళ్లను అడగమని నా దగ్గర పని నేర్చుకున్నవారికి చెబుతూ వచ్చాను. విన్నదాన్ని పటం నకలు మీద అక్కడికక్కడే రాసుకోండి. ఎవరు చెప్పారో వాళ్ల వయసు, మీరు అడిగిన తేదీ కూడా రాయండి. ఇద్దరు వేరువేరు చోట్లు చూపిస్తే రెండూ ఉంచండి. ఊరు రెండుసార్లు కదిలి ఉండవచ్చు, ఒకరు మొదటిదాన్ని, ఇంకొకరు రెండోదాన్ని చెబుతూ ఉండవచ్చు. 1977 గురించి మాత్రం మీరుగా అడగకండి. చెప్పాలనుకున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే చెబుతారు, అప్పుడు కలం పక్కన పెట్టి వినండి.

మీ నాయనమ్మగారు ఊళ్లోనే ఉన్నారని రాశారు. ఈసారి వెళ్లేటప్పుడు నాలుగు షీట్లూ అతికించి, మీ పాలెం ఉన్న భాగాన్ని గోడ క్యాలెండరంత పెద్దదిగా ప్రింటు తీయించి తీసుకెళ్లండి. వాకిట్లో పరిచి, సముద్రాన్ని సముద్రం వైపు తిప్పి, చిన్నప్పుడు మంచినీళ్లకు ఎటు వెళ్లేవారని అడగండి.